దీవెనమ్మ కాచిన గంజి

తీతుకి ఆ వారమంతా అన్నం సయించలేదు. సయించదు మరి. నలుగురి ముందు నోరు మూతపడితే ఆ బాధ పడ్డవాడికే తెలుస్తుంది.

జరిగిందేమిటంటే, ఏటి మధ్య లంక ఊళ్ళో గ్రంథాలయం అరుగు మీద వాదం పెట్టారు. బైబిల్లో రాసింది జరిగిన చరిత్రేనని ఇటు తీతు, దాన్ని చరిత్రగా నమ్మడానికి లేదని అటు సత్యకీర్తి మాస్టారు. తీతు చర్చి పాస్టరు జ్ఞానాభరణం అయ్యగారి దగ్గర దైవసేవ నేర్చుకుంటున్నాడు. తెలివైనవాడు. ఆ సంగతి అందరికంటే వాడికే కాస్త ఎక్కువ తెలుసు. మాస్టారేమో కాలేజీలో చరిత్ర చెప్తాడు. చిన్నప్పుడు అయ్యగారి మందిరంలోనే పాటలు పాడి, పెద్దయ్యాక ఆ గుమ్మం తొక్కడం మానేశాడు.

మాస్టారు గొంతు పెంచకుండా ఒక్కటే అడిగాడు.

"ఆదివారం తెల్లారగట్ల యేసు సమాధి దగ్గరికి వెళ్ళిన ఆడవాళ్ళు ఎందరు తీతూ? సువార్తలు నలుగురు రాస్తే నలుగురూ తలో లెక్క చెప్పారు. పొద్దు ఒకటే కదా?"

తీతు ఏదో మొదలెట్టాడు. సగంలో అది తనకే అతకలేదు. అరుగు కింద ఎవరో కిసుక్కుమన్నారు.

మర్నాడు వెళ్ళి అయ్యగారి ముందు కూలబడ్డాడు. ఆయన పెరట్లో చిక్కుడు తీగకి పురికొస కడుతున్నారు.

"వచ్చే నెల మళ్ళీ వాదం ఉంది అయ్యగారూ. ఆయనకి జవాబు చెప్పలేకపోతే నేనిక ప్రసంగానికి నిలబడను. నాకే తేలనిది జనానికి ఏమని చెప్పను?"

"మరేం చేద్దామని?"

"నాలుగు సువార్తలూ కలిపి ఒక్క కథగా రాస్తున్నాను. తేడా వచ్చిన చోటల్లా కొట్టేస్తున్నాను. ఇక వేలు పెట్టడానికి ఎవరికీ సందుండదు."

"ఊఁ," అన్నారు అయ్యగారు. "ఆ కొస ఇలా పట్టుకో."

అంతే. తీతుకి ఒళ్ళు మండింది గానీ కొస పట్టుకున్నాడు.

ఆ మధ్యలోనే మాస్టారి తల్లి దీవెనమ్మ పోయింది. నిండు వయసు. కొడుకు మానేసినా ఆవిడ మాత్రం మందిరం మానలేదు. పోయినవాళ్ళ ఇంట్లో పెట్టే ఆదరణ కూడికలో చదవాల్సిన జీవిత విశేషాలు రాసే పని అయ్యగారు తీతుకి అప్పగించారు.

"తెలిసినవాళ్ళని అడిగి రాయి," అన్నారు.

తీతు ఇల్లిల్లూ తిరిగాడు. ఎవర్ని కదిపినా ఆ పెద్ద వరదే చెప్పారు. ఊరు మునిగినప్పుడు దీవెనమ్మ గంజి కాచి అందరికీ పోసిందట. అంతవరకు బాగానే ఉంది. ఎక్కడ కాచింది, దేంతో కాచింది అంటే మాత్రం ఏ ఇద్దరికీ పొసగలేదు. ఆవిడ ఉపవాసంలో ఉండి కాచిందని శాంతమ్మ అంది. ఉపవాసమా పాడా, ఆవిడకి మిగిలితేగా అని ఏసోబు తాత అన్నాడు. తీతు తనకి చేతనైన పనే చేశాడు. తేలనివన్నీ కొట్టేసి, తేలినవి శుభ్రంగా రాశాడు.

కూడికలో గొంతు సవరించుకుని చదివాడు. "శ్రీమతి దీవెనమ్మగారు మిక్కిలి దైవభక్తి గలవారు. వరద సమయంలో బాధితులకు ఆహారం అందించారు..." ఒక్క తప్పు లేదు. షామియానా కింద జనం విసనకర్రలు ఊపుకుంటూ కూర్చున్నారు. కొందరి చూపు వంట గాడిపొయ్యి వైపుంది. ముందు వరసలో మాస్టారు తల వంచుకుని, ఎవరి తల్లి గురించో వింటున్నట్టు విన్నాడు.

అయ్యగారు లేచి తీతు చేతిలో కాగితం తీసుకున్నారు. రెండు మడతలు పెట్టి దాంతోనే విసురుకోవడం మొదలెట్టారు.

"ఉక్కగా ఉందర్రా," అన్నారు. "ఆ వరదలో దీవెనమ్మ చేతి గంజి తాగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?"

శాంతమ్మ లేచింది. "నేను తాగానండీ. మందిరంలోనే కాచింది. తడికట్టెలు అంటుకోకపోతే ఆ పాత బల్ల విరగ్గొట్టి పొయ్యిలో పెట్టింది."

"మందిరంలోకి నీళ్ళొచ్చాయి కదే," అన్నాడు ఏసోబు తాత కూర్చున్నచోటి నుంచే. "బడి మెట్ల మీద కాచింది. విత్తనాలకి దాచుకున్న వడ్లు దంచి పోసింది మహాతల్లి."

"వడ్లా నీ మొహమా, నూకలు. నువ్వప్పుడు జ్వరంతో మూలుగుతున్నావు."

"మూలిగేవాడికి గంజి పోసిన చెయ్యి గుర్తుండదా?"

జనం నవ్వారు. నవ్వుతూనే కళ్ళొత్తుకున్నారు. ఇంకెవరో లేచారు. కాదని మరొకరు లేచారు. విసనకర్రలు ఆగిపోయాయి.

"మీరేమన్నా అనుకోండి," అంది శాంతమ్మ. "నీళ్ళు తీసేదాకా ఆవిడ మెతుకు ముట్టలేదు. ఉపవాస ప్రార్థనలో ఉంది. ఆ భక్తి ఎవరికొస్తుంది?"

"ఉపవాసం కాదు పిన్నీ."

లేచింది సత్యకీర్తి మాస్టారు.

"మీకలా చెప్పింది. గంజి చాలలేదు. అందరూ తాగి అటు తిరిగాక కుండ అడుగు గోకి, ఆ మాడు నీళ్ళలో కలుపుకుని తాగింది. నేను చూశాను. చెప్పబోతే నా నోరు మూసేసింది."

"ప్రార్థన చేసిందిరా అబ్బాయ్," అంది శాంతమ్మ. "పక్కనే ఉన్నాను. విన్నాను."

"చేసే ఉంటుంది పిన్నీ," అని మాస్టారు కండువాలో మొహం దాచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే తీతు నాలుక చివరికి ఓ మాట వచ్చి కూర్చుంది. వరద ఒకటే కదా మాస్టారూ? వారాల తరబడి వెతికిన జవాబు, కాళ్ళ దగ్గరికి వచ్చి పడింది. అనేస్తే చాలు, అరుగు మీద పోయిన పరువు షామియానా కింద దొరుకుతుంది.

ఇంతలో భోజనాలకి లేచారు. అయ్యగారు ఒక విస్తరిలో అన్నం పెట్టించి తీతు చేతిలో పెట్టారు.

"పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. మాస్టారికి ఇచ్చిరా."

తీతు వెళ్ళాడు. మాస్టారు ఎర్రబడ్డ కళ్ళతో తలెత్తి చూశాడు.

"అడుగు తీతూ. ఏం అడగబోతున్నావో నాకు తెలుసు. కానీ గంజి కాయడం వేరు, చచ్చినవాడు లేవడం వేరు."

"వేరేనండీ," అన్నాడు తీతు. విస్తరి ఆయన ముందుంచి, పక్కన కింద కూర్చున్నాడు. నాలుక మీది మాట ఎప్పుడు జారిపోయిందో వాడికే తెలియలేదు. "అమ్మగారు మీ నోరు ఎలా మూశారండీ?"

మాస్టారు ఆ ప్రశ్న అనుకోలేదు. నెమ్మదిగా తన అరచేయి తన మూతికి అడ్డంగా పెట్టుకుని చూపించాడు.

"ఇలా. మసి చెయ్యి. తరవాత నా మూతి చూసి తనే నవ్వేసింది."

"ఇంకా చెప్పండి," అన్నాడు తీతు.

మాస్టారు చెప్తూ చెప్తూ అన్నం కలిపాడు.

తీతు తిరిగొచ్చేసరికి అయ్యగారు మడతలు విప్పి కాగితం వాడి చేతికిచ్చారు.

"కొట్టేసినవన్నీ మళ్ళీ రాయి," అన్నారు. "ఆదివారం నిలబడి చదువుదువుగాని."