చెంగడు కొట్టని గోల్

అనగనగా ఒక అడవిలో పొద్దంతా మేత మేసి, ఎండ చల్లబడగానే జంతువులన్నీ ఫుట్‌బాల్ ఆడేవట. ఆ అడవిలో రెండు జట్లు ఉండేవి. వాగు ఒడ్డున ఉండేవాళ్లది వాగు జట్టు. మిట్ట మీద ఉండేవాళ్లది కొండ జట్టు.

వాగు జట్టులో చెంగడు అనే దుప్పి ఉండేవాడు. వాడు పరుగు అందుకున్నాడంటే ఇక పట్టుకోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. జట్టు గోల్స్‌లో సగం వాడివే. అదే జట్టులో గురవన్న అనే అడవిపంది ఉండేవాడు. అతని పని గోల్ ముందు నిలబడి అవతలివాళ్లను ఆపడం. తొమ్మిదేళ్లుగా అదే పని చేస్తున్నాడు. ఒక్క గోల్ కూడా కొట్టలేదు.

ఏటా ఆటలన్నీ అయిపోయాక వాగు జట్టు అభిమానులు ఓట్లు వేసేవాళ్లు. ఒక్కో ఆటగాడికి ఒక్కో ఎండు సొరకాయ బుర్ర కట్టేవాళ్లు. దాని మీద ఆ ఆటగాడి కాలి ముద్ర ఉండేది. ఎవరికి ఎవరి ఆట నచ్చితే వాళ్ల బుర్రలో ఒక చింతపిక్క వెయ్యాలి. ఎక్కువ పిక్కలు వచ్చినవాళ్లు ఆ ఏటి మేటి ఆటగాడు. వాళ్ల మెడలో మోదుగపూల దండ వేస్తారు. ఆ దండ రెండేళ్లుగా చెంగడికే వస్తోంది. మూడోసారి కూడా రావాలని వాడికి ఎంతో ఆశ.

ఆ ఏడు ఆఖరి ఆట కొండ జట్టుతో పడింది. చెరొక గోల్ కొట్టారు. ఇంకొక్క నిమిషమే ఉంది. గెలవాలంటే ఇప్పుడే గెలవాలని గురవన్న కూడా తన చోటు వదిలి ముందుకొచ్చాడు. మూల నుంచి బంతి గాల్లోకి లేచింది. గోల్ ముందు అందరూ ఒక్కసారిగా తోసుకున్నారు. ఎర్రటి దుమ్ము లేచింది. చెంగడు పైకి ఎగిరాడు. బంతి వాడి కొమ్ములకు బెత్తెడు దూరంలో దాటిపోయింది. ఆ తోపులాటలో గురవన్న బోర్లా పడ్డాడు. బంతి వచ్చి అతని వీపుకు తగిలి, పక్కకు తిరిగి గోల్‌లోకి దొర్లింది.

అది చూసింది చెంగడు ఒక్కడే.

దుమ్ము తగ్గేసరికి బంతి గోల్‌లో ఉంది. దాని ముందు చెంగడు నిలబడి ఉన్నాడు. అభిమానులు పరుగెత్తుకొచ్చి "చెంగడు, చెంగడు" అంటూ వాడిని ఎత్తుకున్నారు. చెంగడు ఏదో చెప్పబోయాడు. ఆ గోలలో వాడి మాట వాడికే వినబడలేదు. 'సరేలే, తర్వాత చెబుదాం' అనుకున్నాడు.

మర్నాడు వాగు దగ్గర గురవన్న కనబడ్డాడు. నీళ్లలో మోకాళ్లు తడుపుకుంటున్నాడు.

"మంచి గోల్ కొట్టావు తమ్ముడూ," అన్నాడు గురవన్న. "నేనేమో బోర్లా పడ్డాను. ఏమీ చూడలేదు. వీపు మీద ఏదో ఠపీమని తగిలింది. ఎవడి కాలో అనుకున్నా."

గురవన్నకు సంగతి తెలియదని చెంగడికి అర్థమైంది. ఇప్పుడు చెప్పేస్తే సరిపోతుంది. కానీ ఓట్లు రేపే. "నొప్పిగా ఉందా అన్నా?" అని మాత్రం అడిగాడు.

"వీపు బానే ఉంది. మోకాళ్లే మొరాయిస్తున్నాయి. వచ్చే ఏడు ఆడతానో లేదో," అని నవ్వాడు గురవన్న.

ఆ పూట చెంగడికి మేత సయించలేదు.

ఓట్ల రోజు వచ్చింది. అభిమానులు వరసలో నిలబడ్డారు. నాగులవ్వ అనే ముసలి కొండముచ్చు చింతపిక్క పట్టుకుని వచ్చింది. ఆమె ఒక్క ఆట కూడా మానకుండా చూసేది. గురవన్న బుర్ర దగ్గర కాసేపు ఆగింది. తర్వాత కదిలి చెంగడి బుర్ర దగ్గరకొచ్చింది.

"ఈసారి గురవన్నకు వేద్దామనుకున్నానురా," అంది చెంగడితో. "ఏడాదంతా ఎన్ని బంతులు ఆపాడని. కానీ మనల్ని గెలిపించిన గోల్ నీది కదా." పిక్క బుర్రలో వేసింది.

అది లోపల పడిన చప్పుడు చెంగడికి వినబడింది.

సాయంత్రం పిక్కలు లెక్కపెట్టారు. లెక్కపెట్టింది జట్టు పెద్ద, కూర్మయ్య అనే తాబేలు. ఆయన దేనికీ తొందరపడడు. చెంగడికి నలభై ఒకటి వచ్చాయి. గురవన్నకు ముప్పై ఎనిమిది.

"దండ ఎవరు వేస్తారు?" అని అడిగాడు కూర్మయ్య.

"నేను వేస్తాను. మా తమ్ముడు కదా," అన్నాడు గురవన్న. దండ పళ్లతో జాగ్రత్తగా పట్టుకుని, నొప్పి మోకాళ్లతో కుంటుకుంటూ వచ్చాడు. ఒక్క పువ్వు కూడా నలగకూడదని మెడ పైకెత్తి పట్టుకున్నాడు. అతని కళ్లలో ఎక్కడా అసూయ లేదు.

చెంగడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"వద్దన్నా. ఆ గోల్ నేను కొట్టలేదు."

గురవన్న దండతోనే ఆగిపోయాడు.

"బంతి నాకు అందలేదు," అన్నాడు చెంగడు. "నీ వీపుకు తగిలి లోపలికి వెళ్లింది. అది నేను చూశాను."

నాగులవ్వ ముందుకొచ్చింది. "మరి ఇప్పటిదాకా ఎందుకు చెప్పలేదురా?"

"దండ కావాలనిపించింది అవ్వా," అన్నాడు చెంగడు తల దించుకుని.

కూర్మయ్య చాలాసేపు ఆలోచించాడు. చివరికి ఇలా అన్నాడు. "పిక్క ఎవరు వేస్తే వాళ్లదే. ఈ మాట విన్నాక మనసు మారినవాళ్లు తీసి వేరే బుర్రలో వేసుకోవచ్చు. మారనివాళ్లు అలాగే ఉంచవచ్చు."

మొదట నాగులవ్వే కదిలింది. చెంగడి బుర్రలో చెయ్యి పెట్టి ఒక పిక్క తీసి గురవన్న బుర్రలో వేసింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. తన బుర్ర ఖాళీ అవుతుంటే చూస్తూ నిలబడడం చెంగడికి కష్టంగానే ఉంది. అయినా కదలకుండా నిలబడ్డాడు.

దండ గురవన్నకు వచ్చింది.

గురవన్న సిగ్గుపడిపోయాడు. "తొమ్మిదేళ్లకు ఒక్క గోల్ కొట్టాను. అదీ నేలకు మొహం పెట్టి, నాకే తెలియకుండా," అన్నాడు. అందరూ నవ్వారు. చెంగడు కూడా నవ్వాడు. మూడు రోజుల తర్వాత అదే వాడి మొదటి నవ్వు.

అందరూ వెంటనే మరచిపోయారని మాత్రం అనుకోకండి. కొందరు చాలా రోజులు చెంగడితో ముభావంగానే ఉన్నారు. "మనల్ని మోసం చెయ్యబోయాడు" అని రెండు కోతులు వాడికి వినబడేలాగే అన్నాయి. చెంగడు రోజూ ఆటకు వచ్చాడు, ఆడాడు, వెళ్లాడు.

మళ్లీ ఏడు మొదటి ఆట కూడా కొండ జట్టుతోనే పడింది. చెంగడు కొట్టిన బంతి గోల్ గీత దగ్గర పడి వెనక్కి ఎగిరొచ్చింది. గీత దాటిందా లేదా అన్నది ఎవరికీ తెలియలేదు. ఆట నడిపించే కొంగ అయితే అటు తిరిగి ఉంది. వాగు జట్టు దాటిందంది. కొండ జట్టు దాటలేదంది. రెండు జట్లవాళ్లూ కొట్టుకునేదాకా వచ్చారు.

కొండ జట్టు కెప్టెన్ జంబయ్య అనే నక్క. ప్రతిదానికీ వాదన పెట్టుకునే రకం. అతను అందర్నీ తోసుకుంటూ నేరుగా చెంగడి దగ్గరకొచ్చాడు.

"దండ వదులుకున్న దుప్పివి నువ్వేగా. దగ్గరగా ఉన్నావు. దాటిందా?" అని అడిగాడు.

"దాటింది," అన్నాడు చెంగడు.

జంబయ్య వాడి కళ్లలోకి ఒక్క క్షణం చూశాడు. తర్వాత తన జట్టు వైపు తిరిగాడు.

"గోలే. పదండి, ఆడదాం," అన్నాడు.

నీతి: మనది కాని గొప్పను వదులుకుంటే కొంత పోతుంది, కానీ ఆ తర్వాత మన మాటను ఎదుటి జట్టు కూడా నమ్ముతుంది.