హగ్గయ్య పిడికెడు

అనగనగా అంటే, మరీ అనగనగా. పిండి మరలు ఇంకా పుట్టని రోజులు. ఈ కథ నాకు చెప్పిన అవ్వకు పళ్లు లేవు, విన్న నాకు బుర్ర లేదు. ఆమె నోట్లోంచి జారింది కొంత, నా చెవిలోంచి జారింది కొంత. మిగిలింది చెబుతాను. ఊఁ కొట్టేవాళ్లు ఊఁ కొట్టండి. కునుకుపట్టినవాళ్ల తల ఎటూ ఊగుతుంది, దాన్ని మెచ్చుకోలే అనుకుంటాను.

ఒక నల్లకొండ. కొండ కింద ఏడూళ్లు. ఏడూళ్లకీ కలిపి ఒక్కడే హగ్గయ్య.

హగ్గయ్య రాళ్లకు గంట్లు పెట్టేవాడు. తిరగలి ఎరగని పిల్లల కోసం ఒక ముక్క. రాయి గరుకుగా ఉంటేనే గింజ నలుగుతుంది. తిప్పగా తిప్పగా రాయి నున్నబడుతుంది. నున్నటి రాయి చూడ్డానికి బాగుంటుంది, పిండి మాత్రం రాదు. అప్పుడు ఉలితో రాయంతా సన్నగా గాట్లు పెట్టాలి. అవే గంట్లు.

భుజాన గోనెసంచి, సంచిలో ఉలీ సుత్తీ. వీధి మొదట్లో నిలబడి కేక వేసేవాడు.

"రోళ్లకు గంట్లమ్మా, తిరగళ్లకు గంట్లు!"

ఆడవాళ్లు రాయి తెచ్చి వీధిలో పెట్టేవాళ్లు. హగ్గయ్యది ఊరి బయటి పాలెం. పాలెం మనిషి గడప దాటకూడదు. రాయి దాటొచ్చు.

ఇంత చెప్పాను గదా అని హగ్గయ్య మంచివాడనుకునేరు. అప్పటికింకా కాదు. ఆదివారం పూట పాలెంలోని ప్రార్థన పాకలో అందరికంటే గట్టిగా పాడేవాడు. మిగిలిన ఆరు రోజులూ అందరికంటే గట్టిగా మనసులో పెట్టుకునేవాడు. ఎవరైనా ఒక మాట తూలితే పైకి నవ్వి, ఉలిని ఏటవాలుగా పట్టి ఇసుకగంటు కొట్టేవాడు. చూడ్డానికి అదీ మామూలు గంటే. కానీ నెల్లాళ్లపాటు ఆ రాయి రవ్వరవ్వగా రాలుతూనే ఉంటుంది. ఇంటిల్లిపాదీ కరకరా నములుతూనే ఉంటారు. తప్పు జొన్నలదంటారు, కళ్లానిదంటారు, కోడలిదంటారు. హగ్గయ్యదని మాత్రం ఎవరూ అనరు.

ఈ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు నెలకోసారి కాలినడకన వచ్చి ప్రార్థన నడిపే ఉపదేశి ఓబదయ్య. ఆయన అన్నాడు:

"హగ్గయ్యా, నీ నోట్లో పాట, వాళ్ల నోట్లో ఇసుక. దేవుడు ఏది వినాలయ్యా?"

"పాట వినమనండి అయ్యగారూ. ఇసుక నేను చూసుకుంటాను."

రెండోది అతని భార్య సలోమి. ఆమె ఇసుక గురించి ఏమీ అనేది కాదు. ఆమె అడిగేది ఒక్కటే.

"ఏడూళ్ల తిరగళ్లకు గంట్లు పెడతావు. నా తిరగలికి ఎప్పుడు పెడతావయ్యా?"

"రేపు."

ఆ రేపు పదేళ్లుగా రాలేదు. గంటలో అయ్యే పనికి సలోమి ఆ నున్నటి రాయి మీద రెండు గంటలు తిప్పేది. తిప్పుతూ పాడుకునేది.

మూడో ఊళ్లో పెద్దింటి తిరుపాలమ్మ ఉండేది. ఆమె ఔనంటే ఏడూళ్లూ ఔననేవి, కాదంటే ఏడూళ్లూ కాదనేవి. ఒకరోజు హగ్గయ్య ఆమె తిరగలికి గంట్లు పెట్టబోతూ, తనకు కూలి కింద ముందే కొలిచి పెట్టిన జొన్నలు చూశాడు.

"ఇవి పురుగుపట్టినయ్యమ్మా."

"పురుగులకు లేని పట్టింపు నీకెందుకురా హగ్గిగా? అవి తింటన్నాయి గదా."

హగ్గయ్య నవ్వాడు. ఉలిని ఏటవాలుగా పట్టాడు.

ఆ వారమే తిరుపాలమ్మ ఇంటికి వియ్యాలవారొచ్చారు. ఆమె అదే తిరగలిలో మినుములు విసిరి సున్నుండలు చుట్టింది. ఎట్లా కుదిరాయో చూపిద్దామని మొదటిది తనే కొరికింది. టక్కుమంది. ముందరి పన్ను సున్నుండలో ఉండిపోయింది.

ఆమె వియ్యాలవారిని సాగనంపి, తిరగలి పైరాయి లేపి, వేలితో తడిమి చూసింది. అప్పుడంది:

"ఈ ఏడూళ్లలో వాడి ఉలి చప్పుడు వినపడకూడదు."

అది మొదటి దెబ్బ. "ఎందుకు కొట్టావు దేవా?" అన్నాడు హగ్గయ్య.

బతుకుతెరువు వెతుక్కుంటూ కొండ అవతలికి పోయాడు. నెలన్నరకు తిరిగొచ్చేసరికి పాలెంలోకి గత్తర, అదే కలరా, వచ్చి పోయింది. సలోమిని పాతిపెట్టి అప్పటికి తొమ్మిది రోజులు. గుడిసెలో తిరగలి ఉన్నచోటే ఉంది. రాళ్ల మధ్య సగం నలిగిన జొన్నలు ఉన్నాయి. వాటిని ఎత్తి గుడ్డలో మూటగట్టాడు. రాయిని తడిమాడు. చెంపలాగ నున్నగా ఉంది. ఉలి తీశాడు. ఆ నునుపంతా ఆమె చేతులదే గదా అనిపించింది. ఉలి దించేశాడు. "రేపు" అన్నాడు, వినేవాళ్లు లేకపోయినా.

అది రెండో దెబ్బ. "ఎందుకు కొట్టావు దేవా?" అన్నాడు.

మళ్లీ కొండ అవతలికి పోయాడు. కోపంగా కొట్టేవాడు. ప్రతి రాయీ తనకు బాకీ ఉన్నట్టు కొట్టేవాడు. ఒకరోజు చిట్లిన రవ్వ ఎడమ కంట్లో పడింది. ఆ కన్ను పోయింది. మూడు నెలలకు దాని బెంగతోనో ఏమో రెండోదీ మసకబారి ఆరిపోయింది.

అది మూడో దెబ్బ. ఈసారి హగ్గయ్య అడగలేదు. అడిగి అడిగి నోరు నొచ్చింది.

పాలెంలో వాళ్లు మంచివాళ్లే. గంజి పోసేవాళ్లు. పోసి వెళ్లిపోయేవాళ్లు. చీకట్లో ఉన్న మనిషితో ఏం మాట్లాడతారు? వాన రాలేదనా, ఎండ కాసిందనా? మనుషులు వచ్చే చప్పుడు కంటే పోయే చప్పుడే అతనికి బాగా గుర్తయింది. తిరగలి పక్కన కూర్చుని, దాని మీద చెయ్యి వేసి ఉంచేవాడు. కుక్క కూడా రెండ్రోజులు చూసి, ఇక్కడ ఏమీ రాలదని పక్కగుడిసెకు మారింది.

ఓబదయ్య వచ్చాడు. ఈయన మాత్రం కూర్చున్నాడు.

"అయ్యగారూ, దేవుడు నన్నెందుకిట్లా కొడతన్నాడు?"

ఉపదేశి వాక్యం చెబుతాడనుకున్నాడు హగ్గయ్య. చెప్పలేదు.

"నాకు తెలవదు హగ్గయ్యా. కొట్టేపని నాది కాదు, నీది. నీకే తెలియాలి."

ఆయన పోయాక హగ్గయ్య దాని గురించే ఆలోచించాడు. తన జీవితంలో రెండే రకాల దెబ్బలు. కోపంతో కొట్టింది ఇసుక రాలుస్తుంది. మంచి గంటు కొట్టాలంటే ఒక చెయ్యి కొట్టాలి, రెండోది రాయి కదలకుండా పట్టుకోవాలి. పట్టుకోకపోతే రాయి పగిలిపోతుంది. "నేను పగల్లేదే" అనుకున్నాడు. ఎవరు పట్టుకున్నారు మరి? గంజి పోసి పోయేవాళ్లా? వచ్చి కూర్చున్న ఓబదయ్యా? వాళ్ల చేతుల్లో ఇంకెవరిదైనా చెయ్యి ఉందా?

తనను దిద్దడం కోసమే దేవుడు సలోమిని తీసుకుపోయాడని మాత్రం అతను ఏనాడూ అనలేదు. అది మింగుడుపడలేదు. చచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు. కానీ ఆనాటి నుంచి అడిగే గొంతు మారింది.

అంతలో కరువొచ్చింది. జొన్నలు అయిపోయాయి, కొర్రలు అయిపోయాయి, చింతగింజలు మిగిలాయి. చింతగింజను మెత్తగా విసిరితేనే పిల్లలకు అరుగుతుంది. ఏడూళ్లలో తిరగళ్లు మూడేళ్లుగా గంట్లు లేక అద్దాల్లా ఉన్నాయి. పిల్లలు నలగని పలుకులు మింగి, కడుపులు పట్టుకుని ఏడుస్తున్నారు. గాలివాటుకు ఆ ఏడుపు పాలెం దాకా వచ్చేది.

హగ్గయ్య సంచి భుజాన వేసుకున్నాడు. కర్ర పొడుచుకుంటూ మూడో ఊరికి పోయాడు. తిరుపాలమ్మ ఒప్పుకుంటే ఏడూళ్లూ ఒప్పుకుంటాయి. లేకపోతే అతని చేతుల్లో ఉన్న పని ఆ చేతుల్లోనే చచ్చిపోతుంది, ఆ ఇసుక అతని పేరు మీదే ఉండిపోతుంది.

మొదటిరోజు తిరుపాలమ్మ తలుపు వేసుకుంది.

రెండోరోజు తలుపు తియ్యకుండానే, "పన్ను పోయింది. ఇంకేం కావాల్రా?" అంది.

"ఆ గంటు కావాలనే కొట్టానమ్మా. చెప్పిపోదామని వచ్చా."

"తెలుసురా. పోయింది నా పన్నేగా."

మూడోరోజు తలుపు తీసింది. లోపల మనవరాలు మూలుగుతోంది. తిరగలి తెప్పించి వీధిలో పెట్టించింది.

"కళ్లున్నప్పుడే ఇసుక పోశావు. ఇప్పుడు కళ్లు కూడా లేవు. నిన్నెట్లా నమ్మనురా?"

"నమ్మబాకండమ్మా. తొలి పిడికెడు నేను తింటాను. మీ ఎదురుగానే."

గంటు ఎంత మంచిదైనా తొలి పిడికెడులో ఇసుక ఉండి తీరుతుంది. మంచిరోజుల్లో దాన్ని చీమలకు పోస్తారు. కరువులో చీమలకు ఎవరు పోస్తారు, పిల్లలే తింటారు.

హగ్గయ్య ఎడమచేత్తో రాయిని తడిమాడు. వేలు పెట్టినచోట ఉలి, ఉలి పెట్టినచోట దెబ్బ. చిన్న దెబ్బ, నిటారు దెబ్బ. వేళ్లు చితికాయి. పొద్దువాలేసరికి రాయి గరుకెక్కింది. తొలి పిడికెడు విసిరి అతని చేతిలో పోశారు. నమిలాడు. వీధంతా వినపడింది.

"ఇసుక ఉందా?" అంది తిరుపాలమ్మ.

"ఉందమ్మా. ఇది నాది. ఇకమీద వచ్చేది మీది."

రెండో పిడికెడు మనవరాలికి పెట్టారు. వెన్నలా ఉంది.

ఆ వేసవిలో హగ్గయ్య ఏడూళ్లూ తిరిగాడు. ప్రతి గడప ముందూ కూర్చున్నాడు, ప్రతి రాయికీ గంట్లు పెట్టాడు, ప్రతి ఇంటి తొలి పిడికెడూ తనే తిన్నాడు. ఒంటరిగా పోయేవాడు, ఒంటరిగా వచ్చేవాడు. పళ్లు అరిగాయి, పొట్ట పాడైంది. ఎవరైనా ఒక మాట తూలితే నవ్వేవాడు. ఉలి మాత్రం నిటారుగానే ఉండేది.

తొలకరి పడిన రోజు అతని కేక ఏ వీధిలోనూ వినపడలేదు. గుడిసెలోకి పోయి చూశారు. సలోమి తిరగలి పక్కన గోడకు చేరగిలబడి ఉన్నాడు. ఉలి ఒళ్లో ఉంది. రాయి నిండా గంట్లు, ముగ్గు పెట్టినట్టు. పక్కన పాతగుడ్డలో జొన్నల మూట. ఆ రేపు వచ్చింది. తొలి పిడికెడు విసిరే వేళకు మనిషి లేడు.

కబురు అందుకుని తిరుపాలమ్మ వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె పాలెంలో అడుగుపెట్టడం అదే మొదలు. గుడిసె ముందు తల వంచింది. వంచకపోతే ఆ గుమ్మం ఎవర్నీ రానివ్వదు. తిరగలి ముందు కూర్చుని మూట విప్పింది.

"అవి పాతయ్యమ్మా, పురుగుపట్టినయ్యి" అంది పాలెం ఆడమనిషి ఒకామె.

"పురుగులకు లేని పట్టింపు నాకెందుకే" అంది తిరుపాలమ్మ.

గింజలు పోసి మూడు చుట్లు తిప్పింది. వచ్చిన పిండి పిడికెడు తీసి నోట్లో వేసుకుంది. కరకరమని నమిలింది. గుడిసెలో ఉన్నవాళ్లకీ, బయట వానలో నిలబడ్డవాళ్లకీ వినపడింది. మింగింది.

"ఇసుక లేదు" అంది.

ఎవరూ కాదనలేదు.

ఇప్పుడు ఆ ఏడూళ్లలో మిక్సీలున్నాయి. అయినా ఇంటికో తిరగలి అట్టిపెట్టుకున్నారు. ఏటా తొలకరికి దానికి గంట్లు పెట్టించి, తొలి పిడికెడు ఇంటి పెద్ద తినాలి. చిన్నవాళ్లకు పెట్టకూడదు. దాన్నే హగ్గయ్య పిడికెడు అంటారు. ఇంకోటి కూడా ఉంది. ఎవరైనా తప్పు ఒప్పుకుని గుమ్మంలో నిలబడితే ఆ ఊళ్లవాళ్లు క్షమించామనీ, మరిచిపోయామనీ పెద్దమాటలు చెప్పరు. "ఇసుక లేదులే, లోపలికి రా" అంటారు.

కథ అయ్యాక నాకో తెలివైన ప్రశ్న తట్టింది. "మరి నీ పళ్లన్నీ ఎట్లా పోయాయవ్వా?" అన్నాను.

అవ్వ నావంక జాలిగా చూసింది.

"మా ఇంట్లో పెద్దదాన్ని నేనే గదరా నాయనా" అంది.