నెయ్యి మానేసిన వంటశాల

నాలుగడుగులు వేస్తే చాలు, నంజుండయ్యకు ఛాతీ పట్టేసేది. పట్నంలో డాక్టరు పరీక్షలు చేసి, గుండెలో కొవ్వు పేరుకుందన్నాడు. మందులిచ్చి, విశ్రాంతి తీసుకోమన్నాడు. మందులైతే మింగాడు గానీ రెండో మాట చెవిన పెట్టలేదు.

ఎలా పెడతాడు? ఆదోని వైపు శివయోగిస్వామి మఠంలో వంటశాల పెత్తనమంతా అతనిదే. వచ్చినవాళ్లకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టాలి, అక్కడి పొయ్యి ఎన్నడూ ఆరకూడదు. అది మఠం ఆచారం. వేరొకరు గరిటె పట్టుకుంటే నంజుండయ్యకు ఒళ్లు మండేది. తాలింపు దగ్గర్నుంచి విస్తళ్ల దాకా అన్నీ తనే చూసుకోవాలి. నిద్ర అంటే కోడికునుకే.

పట్నం నుంచి తిరిగొచ్చాక నంజుండయ్య మహానుభావుడు చేసిన పనల్లా నెయ్యి డబ్బా అటకెక్కించడం. తను మానేశాడు, బాగానే ఉంది. మఠమంతా మానేయాలట! పాపం, ముసలివాళ్లు ఉత్త పప్పన్నం మింగలేక మింగారు.

అయినా నొప్పి తగ్గలేదు. ఒకరోజు గంజి వారుస్తూ కూలబడ్డాడు. భయమేసింది. తను పోతానని కాదు, తను పోతే పొయ్యి ఆరిపోతుందని.

గురువు దగ్గరికి వెళ్లాడు. "స్వామీ, నెయ్యి చుక్క ముట్టడం లేదు. ఇంకా ఈ కొవ్వెక్కడిది?"

శివయోగిస్వామి పూర్వాశ్రమంలో గుండె డాక్టరు. జవాబు చెప్పకుండా వంటశాలకు నడిచి, పొయ్యి ముందు కూర్చున్నారు. నంజుండయ్య బూడిద లాగబోతే చెయ్యి అడ్డం పెట్టి ఒక కట్టె దోపారు. ఇంకొకటి దోపారు. మరొకటి.

మంట కుంగింది. కట్టెలు కాలక ఒకదాని మీద ఒకటి పడున్నాయి. పొగ కమ్మేసింది. ఎసరు చల్లారుతోంది. అవతల బంతికి జనం కూర్చునే ఉన్నారు.

"చాలు స్వామీ, పొయ్యి ఆరిపోతుంది."

"కట్టెలు మంచివి కావా?"

"కట్టెలకేం? ఎండిన తుమ్మ. బూడిద నిండితే ఏ కట్టె మండుతుంది? గాలి ఆడొద్దూ?"

"గుండె బతికేదే కొవ్వును మండించుకుని, నంజుండా. అందులో ప్రతి కణమూ ఒక పొయ్యే. ఊపిరి సలపని కణం ఆ కొవ్వును కాల్చలేదు, పోగేసుకుంటుంది. నెయ్యి తగ్గించావు, మంచిదే. కణానికి తెరిపి ఇచ్చావా? నువ్వు కాస్త కూర్చుంటేగా దానికి గాలి ఆడేది!"

నంజుండయ్య బూడిద లాగే కోల కోసం చెయ్యి చాచాడు. స్వామి ఇవ్వలేదు. కూరలు తరుగుతున్న శంకరమ్మను పిలిచి, ఆమె చేతికిచ్చారు.

ఆమె బూడిద లాగింది. కాసేపటికి మంట లేచింది.

"అలా కాదు శంకరమ్మా..." అనబోయాడు నంజుండయ్య.

"పొయ్యి ఆరిందా?" అన్నారు స్వామి.

నంజుండయ్య తల అడ్డంగా ఊపాడు. మెల్లగా బయటికి వెళ్లి, బంతి చివర కూర్చున్నాడు. అందరితోపాటు అతనికీ వడ్డించింది శంకరమ్మ.

పప్పులో ఉప్పు తక్కువైంది. నోరెత్తకుండా తిన్నాడు.