ఎనిమిదో వారం

నతానియేలుకి ఒకటే దిగులు. తనను ఎవరూ హింసించడం లేదు.

గోదావరి పాయ ఒడ్డున, కొబ్బరితోటల మధ్య ఉన్న ఒక చిన్న క్రైస్తవ ఆశ్రమంలో అతను శిష్యుడు. గురువు పరంజ్యోతి అయ్యగారు ముసలాయన, మాటల్లో పొదుపరి. క్రిస్మస్‌కి నతానియేలుకి తెల్ల అంగీ తొడిగి సేవకి ప్రతిష్ఠించాలనుకున్నారు. ఈలోగా కొండమీద ప్రభువు చెప్పిన ధన్యతల ప్రకారం బతకడం నేర్చుకోమన్నారు. ఎలాగో చెప్పలేదు.

చెప్పకపోతేనేం, నతానియేలు దారి తనే వేసుకున్నాడు. ధన్యతలు ఎనిమిది కదా, వారానికొకటి చొప్పున పట్టాడు. ఆత్మలో దీనుల వారం చాప వదిలేసి కటికనేల మీద పడుకున్నాడు. దుఃఖపడేవారి వారం రోజూ ప్రార్థనలో ఏడవడానికి ప్రయత్నించాడు. కన్నీళ్లు కొంచెం మొరాయించాయి గానీ మొత్తానికి వచ్చాయి. సాత్వికుల వారం వంటామె చారులో ఉప్పు మరిచిపోతే పల్లెత్తు మాట అనలేదు. నీతికోసం ఆకలిదప్పులు పడేవారి వారం ఉపవాసమున్నాడు. కనికరం వారం ఒక గజ్జికుక్కకి పసుపు రాశాడు. హృదయశుద్ధి వారమంతా మౌనం పట్టాడు, మనసు మైలపడేది మాటతోనే కదా అని. సమాధానపరచేవారి వారం, బోరింగు దగ్గర కొట్లాడుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ల మధ్యకి వెళ్లి చేతులు చాపి నిలబడ్డాడు. వాళ్లు కొట్లాడుకోవడం లేదట, కబుర్లు చెప్పుకుంటున్నారట. అయినా ఆ వారం కూడా అయిందనిపించాడు.

ఇక ఎనిమిదోది. నీతి నిమిత్తం హింస పొందేవారు ధన్యులు. దీనికి మాత్రం ఇంకొకరి సాయం కావాలి. సంతకి వెళ్లి చేపల బుట్టల మధ్య నిలబడి గొంతు చించుకుని బోధించాడు. రాళ్లేస్తారనుకుంటే, ఎండలో అరిచి అలిసిపోయాడని జాలిపడి టీ ఇప్పించారు.

ఇది విని అయ్యగారు, "ఊళ్లో తిరుగు నాయనా, దొరక్కపోదు" అన్నారు. ఎగతాళో ఆశీర్వాదమో ఆయన ముఖం చూసి చెప్పడం కష్టం.

మర్నాటి సాయంత్రం నతానియేలు వెలిగిపోతూ వచ్చాడు.

"అయ్యగారూ, ప్రభువు ఆలకించాడండి. సలోమి నన్ను వీధిలో నిలబెట్టి తిట్టింది. పేటంతా చూసింది. నేను ఒక్క మాట ఎదురు చెప్పలేదు. లోపల ఎంత సంతోషమేసిందో."

సలోమి భర్త ఇశ్రాయేలు కొబ్బరిచెట్లెక్కి దింపు తీసేవాడు. మొన్నీమధ్యే కామెర్లతో పోయాడు. ఆ వేళ అయ్యగారు పొరుగూరు వెళ్లి ఉన్నారు, భూస్థాపనకి మాత్రమే అందుకోగలిగారు. అప్పట్నుంచి సలోమి ఆశ్రమం గడప తొక్కలేదు.

అయ్యగారు చేటలో బియ్యం ఏరుతున్నారు. "ఏమని తిట్టింది?" అన్నారు తల ఎత్తకుండా.

"చాలా అందండి."

"ఆమె అన్నది అన్నట్టే చెప్పు."

నతానియేలు గొంతు సవరించుకున్నాడు. "'మా ఆయన ప్రార్థన, ప్రార్థన అని కలవరిస్తా ఉంటే నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాను. నువ్వు గుమ్మంలో నిలబడి నోటి మీద వేలేసుకున్నావు. నీ కాళ్లట్టుకున్నాను. అయినా నోరు తెరవలేదు. నేను తిరిగెళ్లేసరికి...'"

అక్కడ ఆగిపోయాడు.

"ఊఁ" అన్నారు అయ్యగారు.

"అది మౌనం వారమండి" అన్నాడు నతానియేలు. ఆ మాట అతని చెవికే అదోలా వినిపించింది.

"తిరిగెళ్లేసరికి?"

"'తిరిగెళ్లేసరికి పోయాడు' అందండి."

బియ్యం ఏరడం అయిపోయింది. నతానియేలు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. "తెల్ల అంగీ నాకొద్దండి" అన్నాడు చివరికి. ఆయన చేట తీసుకుని లేచారు.

తెల్లారితే సమాధుల పండుగ. ఆ రోజు పొద్దున్నే పేటవాళ్లంతా తమవాళ్ల సమాధులకి సున్నం వేసి, పూలుపెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. కోడి కూయగానే అయ్యగారు సున్నం బకెట్టూ కొబ్బరిపీచు కుంచే తెచ్చి నతానియేలు చేతికిచ్చారు.

"పద" అన్నారు.

సమాధుల తోటలో ప్రతి సమాధి చుట్టూ ఇంటిల్లిపాదీ మూగి ఉన్నారు. ఓ మూల, ఇటుకలు పేర్చి మట్టి మెత్తిన కొత్త సమాధి దగ్గర సలోమి ఒక్కతే ఉంది. నతానియేలుని చూసి ముఖం తిప్పుకుంది.

"ఎందుకొచ్చావు?"

దుఃఖపడేవారు ఓదార్పు పొందుతారన్న మాట, అలవాటు కొద్దీ, అతని నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గేసి మింగేశాడు.

"తప్పు చేశానక్కా."

"చేశావు" అంది సలోమి.

పొమ్మనలేదు, ఉండమనలేదు. అతను కూర్చుని సున్నం వెయ్యడం మొదలుపెట్టాడు. కాసేపు చూసి ఆమె విసుక్కుంది. "ముందు నీళ్లు చల్లు. లేపోతే మట్టి సున్నాన్ని తాగేసుద్ది." అతను నీళ్లు చల్లాడు. ఆమె రెండోవైపు కూర్చుని మరో కుంచె పట్టుకుంది. అయ్యగారు దూరంగా నిలబడి ఉన్నారు.

సగం పనయ్యాక సలోమి తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అంది. "ఎంత ఎత్తు చెట్టయినా ఎక్కేసేవోడు. పడవంటే మాత్రం భయం. రేవు దాటినప్పుడల్లా నా చెయ్యి పట్టుకునేవోడు, చిన్నపిల్లోడిలాగ."

నతానియేలు కుంచె ఆపాడు.

"ఆఖర్ని కూడా చెయ్యి కోసం తడుముకున్నాడంట, మా అత్త చెప్పింది. నేనక్కడ లేను. నీ గుమ్మంలో ఉన్నాను."

ఇద్దరూ మిగతా సగం సున్నం వేశారు. సలోమి చేతులు కడుక్కుని, ఒక కొవ్వొత్తి వెలిగించి తలవైపు పెట్టింది.

"ప్రార్థన చెయ్యి. ఆయన అడిగాడు" అంది.

నతానియేలు మోకరించాడు. "ప్రభువా" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట రాలేదు. రెండు చేతులూ మట్టిలో ఆనించి భోరుమన్నాడు. సలోమి కొంతసేపు బిగుసుకుని నిలబడింది. తర్వాత అతని పక్కన కూలబడిపోయింది. చుట్టుపక్కల సమాధుల దగ్గరివాళ్లు మాటలాపి ఇటు చూశారు.

అయ్యగారు దగ్గరికొచ్చి, ఆ ఇద్దరి ఏడుపూ నెమ్మదించేదాకా వెనక నిలబడ్డారు. అప్పుడు తలపాగా తీసి, "ఆమేన్" అన్నారు.