అరంగుళం తెలుపు

అనకాపల్లిలో తొలిసారి అయ్యప్ప మాల వేసిన కన్నెస్వాముల్లో నా అంత నిష్ఠాపరుడు పుట్టలేదు, పుట్టబోడు. పడుకున్నా, లేచినా, భిక్షకు కూర్చున్నా నెత్తిమీద నల్ల తువ్వాలు తీయలేదు. భక్తి అని ఎవరైనా అంటే కాదనేవాణ్ణి కాదు గానీ, అసలు కారణం తువ్వాలు కింద ఉంది.

నాకు ఇరవై ఆరేళ్లకే తల నెరిసింది. నెలనెలా రంగు వేయించుకునేవాణ్ణి. మాల వేశాక కత్తెర, నూనె, రంగు, అద్దం ముందు సోకులు అన్నీ బందు. రెండు పూటలా చన్నీళ్ల తలస్నానం. జుట్టు మాత్రం నాతోపాటు దీక్ష పట్టలేదు. దాని మానాన అది పెరిగింది. కుదుళ్ల దగ్గర అరంగుళం తెలుపు, ఆపైన నలుపు.

ఇంతలో క్రిస్మస్ సెలవులకి చెన్నై నుంచి సుచరిత వస్తోంది. మాకు నిశ్చితార్థం అయింది. నా తల సంగతి చెప్పడమే అవలేదు.

మా గురుస్వామి పైడిరాజు గారు ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యారు. ఆయన తలగుడ్డ చుట్టుకుని బియ్యం ఏరుతుంటే పక్కన చేరాను.

"స్వామీ, గోరింటాకు కూడా ఆకే కదా? తులసిలాగే."

"ఎందుకు?"

"తలకి పెడితే చలవంట. తలనొప్పిగా ఉంటోంది."

"అయితే శొంఠి పట్టు వేసుకో స్వామీ," అని మళ్లీ బియ్యంలో పడ్డారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. గురుస్వామికి మొక్కేటప్పుడు తలమీద బట్ట ఉండకూడదు. అందుకని నేను మొక్కడమే మానేశాను. దూరం నుంచే "స్వామి శరణం" అని చేతులు జోడించి వంటపాకలోకి జారుకునేవాణ్ణి.

"ఈ సామి నడుంలో ఇనప కడ్డీ పెట్టి కుట్టేశార్రా," అన్నాడు అప్పలనాయుడు స్వామి. నేనూ నవ్వాను. ఆ మాట ఎంత దూరం వెళ్లిందో సుచరిత ఫోన్ చేస్తే తెలిసింది.

"గురువుగారికే మొక్కవట! మా పెదనాన్న చూశాడట. గురువు ముందు వంగనివాడు రేపు మన ముందు కాలుమీద కాలేసుకు కూర్చుంటాడు, ఇప్పుడే ఆలోచించుకో అంటున్నాడు నాన్న."

"అది కాదు మాతా..."

మాలలో ఉన్నన్నాళ్లూ ఆడవాళ్లందరూ మాతలే. కాబోయే పెళ్లామైనా సరే.

"మాతా గీతా అన్నావంటే ఫోన్ పెట్టేస్తా. రేపు పడిపూజకి నాన్నని తీసుకొస్తున్నా. అందరి ముందూ మొక్కు. అంతే."

వంగితే తల బయటపడుతుంది. వంగకపోతే పెళ్లి పోతుంది.

మర్నాడు సాయంత్రం పద్దెనిమిది మెట్లమీదా కర్పూరం వెలిగింది. సుచరిత ముందు వరసలోనే నిలబడింది. పక్కన వాళ్ల నాన్న, డ్రిల్లు మాస్టారుగా చేసిన మనిషి, నిటారుగా నిలబడి నా నడుం వంకే చూస్తున్నాడు.

హారతి అయింది. కన్నెస్వాములు ఒక్కొక్కరే వెళ్లి గురుస్వామి పాదాలకు మొక్కుతున్నారు. నేను నా వెనకవాణ్ణి ముందుకి తోశాను. వాడి వెనకవాణ్ణీ తోశాను. ఇక తోయడానికి ఎవరూ మిగల్లేదు.

చెయ్యి తువ్వాలు ముడిమీదకి వెళ్లింది. వేళ్లు కదల్లేదు. శరణుఘోష ఆగిపోయింది.

డ్రిల్లు మాస్టారు కూతురి చెయ్యి పట్టుకుని, "పద," అన్నాడు.

గురుస్వామి పీట మీంచి లేచారు. నా ముందుకొచ్చారు. తన తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నారు. నెమ్మదిగా మోకాళ్లమీద కూర్చుని, నా పాదాలమీద తల పెట్టారు.

మాలలో ఒకరి కాళ్లకొకరు మొక్కడం ఉన్నదే. గురుస్వామి ముందుగా కన్నెస్వామికి మొక్కడం మాత్రం నేనెక్కడా చూళ్లేదు. కంగారుగా కిందికి చూశాను.

కర్పూరం వెలుగులో ఆయన తల. కుదుళ్ల దగ్గర అరంగుళం తెలుపు. ఆపైన నిగనిగలాడే నలుపు. గడ్డం ఎలాగూ తెల్లగా ఉంది కదా అని, ఆ తల గురించి మేమెవరమూ ఆలోచించనేలేదు.

మోకాలు పట్టుకుని లేస్తూ, నాకొక్కడికే వినబడేలా అన్నారు:

"మొదట్లో ఉన్నది నాది స్వామీ. చివర్లో ఉన్నది కొట్లోది."

ముడి విప్పాను. వంగాను. నుదురు ఆయన పాదాలకు ఆనింది.

"వంగాడే!" వెనక నుంచి డ్రిల్లు మాస్టారి గొంతు.

"నాన్నా, ఆ జుట్టేంటి అలా..." సుచరిత.

"జుట్టుకేమొచ్చిందే, నడుం చూడు!"

నేను చాలాసేపు లేవలేదు. ఎంత భక్తో అనుకున్నారు అందరూ. సుచరిత ఇప్పటికీ మా చుట్టాలకి అలాగే చెబుతుంది, నేనూ కిమ్మనకుండా వింటాను. భక్తీ లేదు, ఏమీ లేదు. చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాను. ఆపడం చేతకాలేదు.