గువ్వలవారి నల్లద్రాక్ష

విశ్వంభరయ్య గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కారు. లేచి, వైద్యశాల వెనక ఉన్న జాడీల గదిలోకి వెళ్లి, ఏదో ఒక జాడీకి చెవి ఆనించి కాసేపు నిలబడేవారు. తిరిగి వచ్చాక ఒక్కోసారి జవాబు చెప్పేవారు, ఒక్కోసారి మజ్జిగ తాగి పడుకునేవారు. తెలియని వాళ్లు దీన్ని చూసి ముసలాయనకు చెవుడనుకునేవారు. తెలిసిన వాళ్లు ఓపిక పట్టేవారు. నేను ఆ రెండో రకంలోకి మారడానికి పది రోజులు పట్టింది.

ముప్పయ్యేళ్లు బడిలో నిలబడి పాఠాలు చెప్పిన పాపం నా మోకాళ్లకు చుట్టుకుంది. దాన్ని వదిలించుకోవడానికి మడకశిర దాటి, కొండల మధ్య ఉన్న ఆయన వైద్యశాలలో మండలం రోజులు ఉన్నాను. అక్కడ అందరూ నన్ను అయివారూ అని పిలిచేవారు. పొద్దున్నే తైలం మర్దనా అయ్యాక, బయట చలిగా ఉంటుందని, నన్ను జాడీల గదిలో ఒక మూల పీట వేసి కూర్చోబెట్టేవారు.

ఆ గదిని నేను ఇప్పటికీ మరచిపోలేదు. పదహారు పెద్ద జాడీలు, నడుము లోతున ఊకలో పాతిపెట్టి ఉండేవి. వాటిలో ఎండుద్రాక్షతో చేసే ద్రాక్షారిష్టమనే మందు పులుస్తూ ఉండేది. కషాయం కాచి, బెల్లం కలిపి, పులియడానికి ధాతకీ పువ్వులు వేసి, మూతకు గుడ్డ చుట్టి మన్ను పూసి వదిలేస్తారు. లోపల అది తనలో తాను ఏదో మాట్లాడుకుంటూ ఉంటుంది. నిద్రలో పసిబిడ్డ పెదవులు చప్పరించినంత చిన్న చప్పుడు అది. పైకప్పులో ఒక అద్దపు పెంకు ఉండేది. అందులోంచి పడిన వెలుతురు గోడ మీద మెల్లగా జరుగుతుంటే, ఆ చప్పుడు వింటూ, బెల్లం వాసన పీలుస్తూ, నేను మెలకువకూ నిద్రకూ మధ్య ఎక్కడో తేలుతూ ఉండేవాణ్ణి. అంత సుఖం నాకు జీవితంలో ఇంకెక్కడా దొరకలేదు.

ఆ గదికి కట్టుబాట్లు ఉన్నాయి. అక్కడ ఏదీ తినకూడదు, తాగకూడదు, ఉమ్మకూడదు. మందును రుచి చూడకూడదు, ఎంగిలవుతుంది. విశ్వంభరయ్య గారు నలభై ఏళ్లుగా అరిష్టం చేస్తున్నా ఒక్క చుక్క నాలుకకు తగలనివ్వలేదు. జాడీలో చప్పుడు ఆగితే మందు అయినట్టు. అందుకే ఆ చెవి.

ఆయన శిష్యుడు వామనమూర్తి. పదకొండేళ్లుగా అక్కడే ఉన్నాడు. కషాయం కాచేదీ, మన్ను పూసేదీ, ఊక మార్చేదీ అన్నీ అతనే. చెయ్యి శుభ్రం, మాట మెత్తన. గురువుగారు చేసేదల్లా చెవి ఆనించి, మూత తీయడం. సీసాల మీద పేరు మాత్రం ఆయనదే. వామనమూర్తి గురించి ఇంకొక్క సంగతి చెప్పాలి. నేను చేరిన తొమ్మిదో రోజున మందు పడక కడుపులో మంట పుట్టింది. అతనితో చెప్పాను. "మందు అయ్యగారిదండీ, ఆయన్నే అడగండి" అన్నాడు. వెళ్లి ఆ మాటే చెప్పి అడిగాను. ఆయన మోతాదు తగ్గించారు, మంట తగ్గింది. దాన్ని నేను అక్కడితో మరచిపోయాను.

ఒకనాటి ఉదయం వామనమూర్తి గురువుగారి ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"అయ్యగారూ, కోపం చేసుకోవద్దు. హిందూపురంలో ఒక గది చూసుకున్నాను. వచ్చే నెలలోగా ఖాయం చేసుకోవాలంటున్నారు. సీసా మీద నా పేరు ఎప్పుడు రాసుకోవచ్చో మీరు చెప్పాలి" అన్నాడు. ఎన్నాళ్లుగానో లోపల పెట్టుకున్న మాటని తెలిసిపోయింది.

విశ్వంభరయ్య గారు యథాప్రకారం లేచి జాడీల గదిలోకి వచ్చారు. మూల పీట మీద సగం నిద్రలో ఉన్న నాకు ఆ మాటలన్నీ గుమ్మంలోంచి వినిపించాయి. ఆయన నాలుగో జాడీకి చెవి ఆనించారు. వెనకే వామనమూర్తి వచ్చి నిలబడ్డాడు. అంతలో వాకిట్లోంచి "సామీ, ఉండారా?" అని కేక వినిపించింది.

వచ్చినవాడు గువ్వల ఓబుళపతి. ముప్పయ్యేళ్లుగా వైద్యశాలకు ఎండుద్రాక్ష తెచ్చిపోసే రైతు. భుజం మీది బస్తాను గుమ్మంలో దించి, ఆయాసపడుతూ దాని మీదే కూర్చున్నాడు. అతని పక్కగా ఒదిగి ఒకామె లోపలికి వచ్చింది. నలభై నాలుగు, నలభై ఐదేళ్లుంటాయి. చేతిలో మూత ఉన్న స్టీలు క్యాను, చంకలో ఒక పొట్లం. ఓబుళపతి కూతురు హేమావతి.

"మా పాప కూడా మీ మాదిరే మందు చేస్తాది సామీ" అన్నాడు ఓబుళపతి. ఊళ్లో ఆ మాటకు ఎంత నవ్వుకుంటున్నారో అతనికి తెలుసు, తాను ముందే నవ్వేస్తే సరిపోతుందనుకునే మనిషి. హేమావతి నవ్వలేదు. నేల మీద కూర్చొని, క్యానును ఒడిలో పెట్టుకొని, తాను వచ్చిన పని చెప్పింది.

ఆమె అనంతపురంలో కెమిస్ట్రీ చదివి, ఇరవై రెండేళ్ల కిందట నాసిక్ వైపు ఒక వైన్ ఫ్యాక్టరీలో చేరింది. మొదటి రెండేళ్లూ ట్యాంకుల్లోకి దిగి పిప్పి తోడి కడగడమే పని. ఆ తర్వాత ల్యాబులో చక్కెరా పులుపూ కొలిచే పని ఇచ్చారు. ఒక కోతకాలానికి సముద్రం అవతలికి కూడా పంపారు. తిరిగి వచ్చాక రుచి చూసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. చివరి పదేళ్లూ ఆ బల్లకు పెద్ద ఆమే. రోజుకు యాభై అరవై రకాలు నోట్లో పోసుకొని, పుక్కిలించి, ఉమ్మేసి, దోషం ఉంటే కాగితం మీద రాయాలి. ఆమె రాసింది చూసి కింద ట్యాంకులు సరిచేసేవారు. ఏ ఏడు చేసినా, ఎక్కడి ద్రాక్షతో చేసినా, ఒకే రుచి రావాలి. ఆ విద్యలో ఆమెను మించినవాళ్లు లేరని పేరు.

కిందటేడు ఆమె ఆ ఉద్యోగం వదిలేసి ఇంటికి వచ్చింది. తండ్రికి రెండెకరాల నల్లద్రాక్ష ఉంది. తమ్ముడు దాన్ని పీకేసి మల్బరీ పెడతానంటున్నాడు. "ఈ ఒక్క పంట పాపకు వదలరా" అని ఓబుళపతి కొడుకును ఆపాడు. కాళ్లరిగేలా తిరిగి లైసెన్సు తెచ్చుకొని, పశువుల కొట్టం కడిగి, అందులోనే ఆమె మొదటి ట్యాంకు నింపింది. లేబుళ్లు అచ్చయి వచ్చాయి. వాటి మీద ఇంటిపేరు, 'గువ్వల' అని ఒక్క మాట, దాని కింద చిన్న గువ్వ బొమ్మ. ఇక సీసాల్లో పోయడమే మిగిలింది.

"అయితే వాసన ఉంది సామీ" అంది హేమావతి. "మా నల్లద్రాక్షకు ఒక మొరటు వాసన ఉంటాది. ఫ్యాక్టరీలో అది తగిల్తే చాలు, దోషమని రాసేదాన్ని. ఇప్పుడు నా ట్యాంకంతా అదే, ఈ క్యానులో తెచ్చిందీ అదే. బొగ్గుపొడి వేస్తే పోతాది. ఇదో, తెచ్చుకున్నా. వేసినానంటే అచ్చం ఫ్యాక్టరీ సరుకు మాదిరే ఉంటాది. వేయకుంటే ఇంటిపేరు మీద మొరటు సరుకు అమ్మినట్టయితాది. మీరు ముప్పయ్యేండ్లుగా ఇదే ద్రాక్షతో చేస్తాండారు. ఆ వాసనను ఏం చేస్తారో చెప్పండి."

"నేనెప్పుడూ రుచి చూడలేదు కదమ్మా" అన్నారు విశ్వంభరయ్య గారు. వంగి, క్యానుకు చెవి ఆనించారు. "చప్పుడు ఆగిపోయింది. దాని పని అది చేసింది."

"నా నాలుక ఒప్పుకోలేదు."

"ఏమంటుంది నీ నాలుక?"

ఆ ప్రశ్నకు ఆమె ఏళ్ల తరబడి ఒకే విధంగా జవాబు చెబుతూ వచ్చింది. చెయ్యి దానంతట అదే కదిలింది. క్యాను మూత తీసి, ఆ మూతలోకే కొంచెం వంచుకొని, నోట్లో పోసేసుకుంది. "అమ్మా, ఇక్కడ..." అని వామనమూర్తి చెయ్యి చాచేసరికే ఆలస్యమైపోయింది. ఆమె కళ్లు మూసుకొని రెండు బుగ్గలకూ తిప్పి, పుక్కిలించి, అలవాటు కొద్దీ పక్కకు తిరిగింది.

పక్కన జాడీ ఉంది. ఇటు తిరిగింది, ఇటూ జాడీయే. అలికిన నేల మీద ముగ్గుంది. "ఉమ్మకూడదండీ, మందు గది" అని వామనమూర్తి మెల్లగా అన్నాడు. ఆమె గుమ్మం వైపు చూసింది. అక్కడ బస్తా, బస్తా మీద తండ్రి. లెమ్మని చేత్తో సైగ చేసింది.

"ఏమైంది పాపా? పన్ను నొస్తాందా?" అన్నాడు ఓబుళపతి కదలకుండా.

నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. ఉబ్బిన బుగ్గలతో, పెద్దవైన కళ్లతో, బళ్లో తప్పు చేసి దొరికిన పిల్లలా ఉంది ఆమె. విశ్వంభరయ్య గారు చేతులు వెనక్కి కట్టుకొని, పైన అద్దపు పెంకును శ్రద్ధగా చూస్తున్నారు. ఇక దారి లేక హేమావతి మింగేసింది.

జాడీల చప్పుడు తప్ప ఏమీ లేదు. అద్దపు పెంకులోంచి పడిన వెలుతురు ఆమె మోకాలి మీద నుంచి చేతి మీదికి జరిగింది. ఆమె గొంతు మీద చెయ్యి వేసుకొని, తలుపు తట్టిన చప్పుడు విన్న మనిషిలా, కదలకుండా కూర్చుంది. ఆ చప్పుడు వింటూ నేను మళ్లీ నిద్రలోకి జారానేమో కూడా. ఆమె మాటకు కళ్లు తెరిచాను.

"నాయనా, ఈతచాపలు" అంది.

"ఏం చాపలు?"

"అమ్మ మిద్దె మీద ద్రాక్ష ఎండబోసేది చూడు, ఆ చాపలు. సాయంత్రం ఎత్తేటప్పుడు వేడివేడిగా ఉండేటివి. నేను వాటి మీదే పండుకొని నిద్రపోతాంటి. ఆ వాసనే ఇది. నోట్లో ఉన్నంతసేపూ లేదు. గొంతు దిగినాక వచ్చింది." ఆమె కళ్లు తుడుచుకోలేదు, కన్నీళ్లు కారనిచ్చింది. "ఇరవై రెండేండ్లలో నేను మింగింది ఇదే మొదటిసారి నాయనా. ఉమ్మేసి రాసేసేదాన్ని."

భార్య పోయి తొమ్మిదేళ్లయిందని ఓబుళపతి తర్వాత నాతో చెప్పాడు. అప్పుడు మాత్రం బస్తా మూతిని చేత్తో నిమురుతూ కూర్చున్నాడు.

"అయితే బాగుందంటావా?" అని అడిగారు విశ్వంభరయ్య గారు.

హేమావతి ఆలోచించింది. "బాగుందో లేదో ఇంకా తెలీదు సామీ. చివర్లో కొంచెం వగరుంది. అది పోయేది కాదు. వాసనా మాదే, వగరూ మాదే."

"కొన్నవాళ్లు బాగలేదంటే?"

"సీసా మీద మా ఇంటిపేరే గదా ఉండేది. మా ఇంటికే వస్తారు. కూర్చోబెట్టి మాట్లాడతా."

తమ్ముడి సంగతీ, మల్బరీ సంగతీ అప్పుడు ఎవరూ ఎత్తలేదు. ఆమె లేచి, చంకలోని బొగ్గుపొడి పొట్లాన్ని వామనమూర్తి చేతిలో పెట్టింది. "పండ్లు తోముకునే పొడికి పనికొస్తాది, పెట్టుకోండి" అంది. తండ్రి బస్తా మీద నుంచి లేచి, "వాకిట్లోకి పోయినాక నాక్కూడా రవంత పొయ్యి పాపా. ముప్పయ్యేండ్లు పండించినాను గానీ ఎట్లుంటాదో నాకు తెలీదు" అన్నాడు. ఆమె అప్పుడు నవ్వింది. ఇద్దరూ వాకిలి దాటి, వేపచెట్టు నీడలో కూర్చొని, క్యాను మూతలోనే ఒకరి తర్వాత ఒకరు తాగడం గుమ్మంలోంచి కనిపించింది. ఓబుళపతి మొదటి గుక్కకు ముఖం చిట్లించాడు. తర్వాత మూత మళ్లీ చాచాడు.

వామనమూర్తి పొట్లం చేత్తో పట్టుకొని అలాగే నిలబడి ఉన్నాడు. కాసేపు చూసి, గొంతు సవరించుకొని, "అయ్యగారూ, పొద్దున నేను అడిగింది..." అన్నాడు.

విశ్వంభరయ్య గారు మళ్లీ నాలుగో జాడీ దగ్గరికి వెళ్లి చెవి ఆనించారు. ఆయన కళ్లు మూసుకొని చాలాసేపు విన్నారు. నేనూ విన్నాను. లోపల ఏదో సద్దుమణుగుతున్నట్టు, బుడగకూ బుడగకూ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. అప్పుడాయన కళ్లు తెరవకుండానే, నా పీట వైపు చెయ్యి చూపించి, ఎంతో మృదువుగా అడిగారు:

"మొన్న ఈ అయివారు కడుపులో మంటని నీ దగ్గరికి వచ్చినప్పుడు, 'మందు అయ్యగారిది' అంటూ నువ్వు కాచినదాన్ని ఎక్కడ ఉమ్మేశావు నాయనా?"