తాబేలు తాత దగ్గర ఖాళీ సీట్లు

ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట ఒక మడ అడవి. దాని వెనక చుట్టూ నిటారు గట్టున్న పల్లం. అందులో నక్క, ముంగిసలు, నీరుకుక్కలు బొరియలు తవ్వుకుని ఉండేవి. పెద్ద పోటు వచ్చినప్పుడల్లా గట్టుకున్న ఒకే ఒక్క గండిలోంచి అందరూ మిట్టకి పరుగు. నీళ్లు తీశాక మళ్లీ అదే బురదలోకి. చోటు మారుద్దామంటే మాత్రం ఒక్కరికీ ఒళ్లు వంగదు.

ఆ ఏడు అడవి పరీక్షలో నీరుకుక్క పిల్ల చుక్కికి మొదటి ర్యాంకు వచ్చింది. అక్కడ చదువులు రెండే. మిట్ట మీద ఉడుము మాస్టారు యంత్రాల చదువు చెబుతాడు: చక్రాలు, మీటలు, తలుపులు. ఒడ్డున తాబేలు తాత సముద్రం చదువు చెబుతాడు: అలలు, ఆటుపోట్లు, నీళ్ల బరువు.

"అమ్మా, నేను తాత దగ్గరే చేరతా," అంది చుక్కి.

అమ్మ నోరు విప్పకముందే నక్క మామ దిగాడు. పిలవకపోయినా కౌన్సెలింగుకి వచ్చే రకం.

"ఏం వదినా, ఫస్టు ర్యాంకు పిల్ల పోయి పోయి తాబేలు దగ్గర కూర్చుంటుందా? అక్కడ సీట్లన్నీ ఖాళీ. చివరి ర్యాంకు ఎండ్రకాయ కూడా వద్దన్న బ్రాంచి అది!"

"నాకు నీళ్లంటే ఇష్టం మామా."

"ఇష్టమైతే ఈత కొట్టు. చదవడం దేనికి?"

అమ్మకి ఆ మాట సబబుగానే తోచింది. "నలుగురిలో నా తల దించకే," అంది. చుక్కి ఉడుము మాస్టారి దగ్గర చేరింది. ఒక్కరూ రాని బడి మూసేసి, తాత సముద్రంలోకి వెళ్లిపోయాడు.

ఇందులో నక్కకేం లాభం అంటారా? ఆయన బొరియ అన్నిటికన్నా లోతున ఉంది. అది తడవకుండా గండికి ఒక తలుపు కావాలి. చేసే తెలివి చుక్కికే ఉంది.

రెండేళ్లకి తలుపు పని మొదలైంది. "మామా, పోటు ఎంత ఎత్తు వస్తుంది?" అని అడిగింది చుక్కి.

"అది తాబేలు లెక్క, నీ సబ్జెక్టు కాదు. నా చెవుల ఎత్తు పెట్టు, చాలు."

కార్తీకంలో తుఫాను పట్టింది. ముంగిసలు ఎప్పటిలాగే మిట్టకి బయల్దేరితే నక్క నవ్వాడు. "తలుపుండగా భయమేంట్రా? పడుకోండి!" గట్టు మీద అమ్మ పక్కన నిలబడి, చుక్కి చక్రం తిప్పి తలుపు మూసింది.

మధ్యాహ్నానికి సముద్రం ఆ తలుపు మీంచి దూకింది. పల్లం కుండలా నిండింది. నిటారు గట్టు ఎక్కలేరు, బయటికున్న ఒక్క దారికీ తలుపు అడ్డం.

"తలుపు తియ్యవే చుక్కీ!" పీకల్లోతు నీళ్లలోంచి నక్క కేక.

"చక్రం కదలట్లేదు మామా! నీళ్లన్నీ తలుపు మీదే ఆనుకున్నాయి!"

"ఎంత బరువుందే?"

"అది తాత లెక్క మామా!" అంది చుక్కి ఏడుస్తూ. ఎగతాళికి కాదు. నిజంగానే తెలియదు.

ఆ తర్వాత నక్క గొంతు వినబడలేదు. ముంగిసల గొంతులు ఇంకాసేపు వినబడ్డాయి.

నీళ్లు తీశాక, తలుపు పక్కనున్న మడచెట్టు మీద అమ్మకి వరసగా గాట్లు కనబడ్డాయి. ఒక్కో తుఫానుకి నీళ్లు ఎంతదాకా వచ్చాయో తాబేలు తాత పెట్టుకున్న గుర్తులు. అన్నిటికన్నా పైది తలుపు కన్నా మూరెడు ఎత్తున ఉంది.

"ఇది నీకు చెప్పుండేవాడా?" అంది అమ్మ, తల దించుకుని.

"మొదటి పాఠమే ఇదయ్యుండేదమ్మా."

నీతి: ఏం చదువుకోవాలనుందో పిల్లని అడగని ఇంటికి, ఏం చదువుకోలేదో సముద్రమే వచ్చి అడుగుతుంది.